అన్నీ కరువేనా?

ఇంగ్లీషు గైడు తెరవండి. 'డ్రాట్ అంటే కరువు, స్కేర్సిటీ అంటే కరువు, ఫామిన్ అంటే కరువు.' పిల్లవాడు గడగడా అప్పజెప్పేస్తాడు. "మావాడికి ఎన్ని మాటలు వచ్చో!" అని మనం మురిసిపోతాం. ఇది మురిసిపోవలసిన సంగతేనా?

వంటింటి సంగతే చూడండి. వంకాయను ఉడికించడం, మగ్గించడం, వేయించడం... మూడూ పొయ్యిమీద చేసేవే. అయినా మగ్గించమన్న కూరను కొత్తకోడలు వేయించి పెడితే అత్తగారు ఊరుకుంటారా? వంకాయకున్నపాటి విలువ మాటకు లేదా?

అందులోనూ మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలకు ఇలా చెప్పడం మరీ అన్యాయం. వాన మొహం చాటేస్తే డ్రాట్. కావలసింది చాలినంత దొరక్కపోతే స్కేర్సిటీ. నీళ్ల విషయంలో దీన్నే మనవాళ్లు చక్కగా ఎద్దడి అంటారు. తిండిలేక మనుషులు రాలిపోయే దశ ఫామిన్, అంటే క్షామం. వాన రాకపోవడం మన చేతిలో లేదు. గింజలు తెప్పించి, పనులు కల్పించి, చేతిలో కూలి పెడితే క్షామాన్ని మాత్రం ఆపవచ్చు. మూడూ ఒకటేనన్నామంటే, ఆపవలసినవాళ్లను ఊరికే వదిలేసినట్లే!

ఇది పంతుళ్ల చాదస్తం అనుకునేరు! 1876-78 నాటి మహాక్షామంలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పుడే కాదు, 1970 దాకా ఆ జిల్లాలోవే. ఆ దెబ్బ తిన్నాక, 1883లో తెల్లదొరలు ఫామిన్ కోడ్ రాశారు. అందులో స్కేర్సిటీ ఒక మెట్టు, ఫామిన్ ఆ పై మెట్టు. మెట్టును బట్టి సర్కారు సాయం. తీరా 1943లో బెంగాల్లో లక్షలమంది చచ్చిపోతున్నా, ఫామిన్ అని మాత్రం ప్రకటించలేదు. ప్రకటిస్తే కోడ్ ప్రకారం ఆదుకోవాలి మరి!

పాత కథ అని కొట్టిపారేయకండి. 2016లో కేంద్రం తెచ్చిన కరువు మాన్యువల్లో మోడరేట్ వేరు, సివియర్ వేరు. కేంద్ర విపత్తు నిధినుంచి సాయం రావాలంటే సివియర్ అనే మాట పడాలి. ఒక్క మాట తేడా! "రెండూ కరువేగా" అని బట్టీపట్టినవాడు, కందిచేను ఎండిన నాడు ఆ కాగితం చదివి ఏమని నిలదీస్తాడు?

"అంత లోతు ఎందుకమ్మా, మార్కులొస్తే చాలదూ?" అంటారు. మార్కులు ఆ ఏటితో సరి. మాట జన్మంతా పనికొస్తుంది. అందుకని గైడు చెప్పకపోతే తల్లే అడగాలి. మూడు మాటలూ ఇచ్చి మూడు వాక్యాలు రాయమనండి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఎందుకు కుదరదో చెప్పమనండి. చెప్పలేకపోయాడా, గైడు పక్కన పడేసి వంకాయ కూరనుంచి మొదలుపెట్టండి!