సలహా ముందా, పని ముందా?

ఐఐటీల్లో ఏటా డిసెంబరు 1న ప్లేస్‌మెంట్స్ మొదలవుతాయి. తొలిరోజు ఏయే కంపెనీలను రానివ్వాలన్నది క్యాంపస్‌లో పెద్ద తతంగం. ఆ వరసలో సాఫ్ట్‌వేర్ దిగ్గజాలు, ట్రేడింగ్ సంస్థల పక్కనే మెకిన్సే, బీసీజీ, బెయిన్ లాంటి మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ కంపెనీలు కూర్చుంటాయి. సివిల్, మెకానికల్, కెమికల్ చదువుతో నేరుగా పని ఉన్న 'కోర్' కంపెనీల్లో చాలావాటి వంతు ఆ తర్వాతే. అప్పటికి చురుకైన పిల్లల్లో చాలామంది ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేసి ఉంటారు. ఆఫర్ వచ్చిందని ఇంటికి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న 'ప్యాకేజీ ఎంత?' రెండో ప్రశ్న సాధారణంగా ఉండదు. (వీసాలు, విదేశీ సీట్లు చూసిపెట్టే అమీర్‌పేట కన్సల్టెన్సీల సంగతి వేరు. ఇక్కడి ప్రస్తావన కంపెనీలకూ ప్రభుత్వాలకూ సలహాలమ్మే సంస్థల గురించి.)

నిజానికి ఈ సలహాల వ్యాపారాన్ని మొదలుపెట్టినవాళ్లలో పని చేసి చేయి తిరిగినవాళ్లే ఎక్కువ. 1886లో బోస్టన్‌లో భాగస్వామితో కలిసి సంస్థ పెట్టిన ఆర్థర్ డి. లిటిల్ ఎంఐటీలో రసాయన శాస్త్రం చదివి, కాగితం మిల్లులో పనిచేసి వచ్చినవాడు. ఫ్యాక్టరీలకు సలహాలిచ్చి ప్రపంచ ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ టేలర్, మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కూలీగా చేరి చీఫ్ ఇంజినీరు దాకా ఎదిగాడు. 1950ల్లో మార్విన్ బోవర్ నాయకత్వంలోని మెకిన్సే ఈ పద్ధతి మార్చింది. పరిశ్రమలో తలపండినవాళ్ల కోసం వెతకడం తగ్గించి, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాళ్లను తీసుకోవడం పెంచింది. అనుభవం అమ్మే చోట తెలివి అమ్మడం అక్కడినుంచే జోరందుకుంది. నేటి మన క్యాంపస్ నియామకాలు ఆ దారికి కొనసాగింపే.

తెలుగువాళ్లకు రెండు రకాల సలహాదారులూ తెలుసు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక, మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆయన పూర్వికుల ఊరు మన ప్రకాశం ప్రాంతంలోదే. 1909లో హైదరాబాద్ వచ్చేనాటికి ఆయన బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి పాతికేళ్లు కావస్తోంది. సుక్కూరుకు మంచినీళ్లు తెచ్చాడు, ఖడక్‌వాస్లాలో నీటిమట్టాన్ని బట్టి వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించాడు. ఇక్కడ వానల రికార్డులు తిరగేసి, ఎగువన తెగిన చెరువుల లెక్క తీసి, మూసీ, ఈసీ నదుల మీద జలాశయాలు కట్టాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి వరద కాపలాతో పాటు తాగునీళ్లూ దక్కాయి.

ఇక రెండో రకం. 1999లో మెకిన్సే సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' పత్రం తెచ్చింది. 2020 జనవరిలో బీసీజీ నివేదిక ఆంధ్రప్రదేశ్ రాజధానిని మూడు ముక్కలు చేసే ఆలోచనకు బలమిచ్చింది. ఆ తర్వాత చట్టాలు వచ్చాయి, వెనక్కి వెళ్లాయి, హైకోర్టు తీర్పు వచ్చింది, ప్రభుత్వమే మారింది. నాలుగున్నరేళ్లు అమరావతి రైతు రోడ్డున పడ్డాడు. నివేదిక రాసినవాళ్లు మాత్రం ఫీజు తీసుకుని మరో పనికి వెళ్లిపోయారు. నిర్ణయం ప్రభుత్వానిదే, కాదనలేం. కానీ మాట చెప్పినవాడికి ఫలితం మీద పూచీ లేని ఏర్పాటు ఇది. ఇంజినీరుకు ఆ వెసులుబాటు లేదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగితే, విచారణ కమిషన్ ముందు నిలబడి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంజినీర్లే. డ్రాయింగు మీద సంతకం ఎవరిది, నాణ్యత రిజిస్టరులో ఎవరు రాశారు అన్న ప్రశ్నలు ఏళ్ల తర్వాత కూడా వెతుక్కుంటూ వస్తాయి. ఇందులో భయం ఉంది. వృత్తి నేర్పేది కూడా ఆ భయమే.

సైటులో చేరిన కుర్రాడి సంగతే చూద్దాం. స్లాబు పోసే రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని రెండు గంటలు ఆలస్యంగా మిక్సర్ లారీ వస్తుంది. స్లంప్ పరీక్ష చేస్తే కాంక్రీటు బిగుసుకుపోతోందని తేలుతుంది. 'ఏం కాదు సార్, రెండు బకెట్ల నీళ్లు కలిపేద్దాం' అంటాడు మేస్త్రీ. కలిపితే పని సులువుగా సాగుతుంది, బలం తగ్గుతుంది. తగ్గిన సంగతి ఆరోజు ఎవరికీ కనిపించదు. పదిహేను సెంటీమీటర్ల ఘనాలు పోసి, నీళ్లలో నానబెట్టి, ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో పగలగొడితే బయటపడుతుంది. లారీని వెనక్కి పంపాలంటే తన వయసుకు రెట్టింపున్న కాంట్రాక్టరుతో, పై ఆఫీసరుతో గొడవ పెట్టుకోవాలి. ఇరవై రెండేళ్లకే ఆ గొడవ పెట్టుకున్నవాడికి పట్టుబడే విద్య పవర్‌పాయింట్‌లో దొరకదు.

అయితే కన్సల్టింగ్‌ను చులకన చేసే పని లేదు. 'దేశంలో ఏడాదికి ఎన్ని స్కూటర్ టైర్లు అమ్ముడవుతాయి?' అని ఇంటర్వ్యూలో అడిగితే నవ్వులాటగా ఉంటుంది గానీ, తెలిసిన కొంచెంతో తెలియనిదాన్ని కట్టే నేర్పు అందులో ఉంది. మన ఇంజినీరింగ్ కాలేజీలు నేర్పనివి ఆ ఉద్యోగం నేర్పుతుంది: పెద్దల ముందు తడబడకుండా మాట్లాడటం, పది పేజీల గందరగోళాన్ని ఒక పేజీకి తేవడం, ఒక కంపెనీకి డబ్బు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతోందో చూడటం. వీటికి మించి జీతం. చదువు అప్పు నెత్తిన ఉన్న ఇంట్లో ఆ జీతాన్ని ఎంచుకోవడం తప్పేమీ కాదు.

అసలు 'ఇంజినీరు' పేరుతో ఇచ్చే ఉద్యోగాల్లో ఎన్నింటిలో ఇంజినీరింగ్ ఉంది? పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో ఫ్రెషర్ జీతం ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. రాత్రి షిఫ్టులో ఫిర్యాదుల టికెట్లు మూసే పనికి, కన్సల్టింగ్‌లో ఎక్సెల్ షీట్లు నింపే పనికి తేడా హోదాలోనే. కాబట్టి బోర్డు మీది పేరు చూసి ఏదీ తేల్చలేం.

కన్సల్టింగ్ కుర్చీ కూడా అందరూ అనుకున్నంత భద్రమైనది కాదు. నిర్ణీత కాలంలో పైమెట్టు ఎక్కనివాణ్ని సాగనంపడం ఆ పెద్ద సంస్థల పాత ఆచారం. 2023లో గిరాకీ తగ్గగానే మెకిన్సే దాదాపు 1,400 మందిని తగ్గించుకోవడానికి సిద్ధపడింది. ఆఫర్లిచ్చిన విద్యార్థుల చేరిక తేదీలను వాయిదా వేసిన సంస్థలూ ఉన్నాయి. సమాచారం పోగేసి స్లైడ్లుగా పేర్చడం కొత్తగా చేరినవాళ్ల పని. ఇప్పుడు కృత్రిమ మేధ మొదట చేయి పెడుతున్నదీ ఆ పనిమీదే.

నా మట్టుకు నాకు అన్నిటికన్నా బలంగా తోచేది తిరుగుదారి సంగతి. ఇంజినీరింగ్ నుంచి కన్సల్టింగ్‌కు తలుపు తెరిచే ఉంటుంది. సుందర్ పిచాయ్ అప్లయిడ్ మెటీరియల్స్‌లో ఇంజినీరుగా పనిచేశాక వార్టన్‌లో ఎంబీఏ చేసి, మెకిన్సే మీదుగా 2004లో గూగుల్‌కు వెళ్లాడు. మన గచ్చిబౌలి ఐఎస్‌బీలోనూ ఉద్యోగానుభవం ఉన్నవాళ్లే ఎక్కువగా చేరతారు. అటునుంచి ఇటు రావడమే కష్టం. గేట్ స్కోరు చెల్లేది మూడేళ్లే. వాడని డిజైన్ లెక్కలు అంతకన్నా ముందే మరుపున పడతాయి. పాతికేళ్లు దాటాక సగం జీతానికి సైటుకు తిరిగొచ్చేవాళ్లు అరుదు. అందుకే చదివిన శాస్త్రం మీద కాస్తయినా ఇష్టం ఉండి, ఇంట్లో డబ్బు అవసరం మరీ పీకల మీదికి రాకపోతే, తొలి మూడు నాలుగేళ్లు ఇంజినీరింగ్‌కే ఇవ్వడం మేలు. అయితే చేరేముందే ఒక మాట గట్టిగా అడగాలి: మొదటి ఏడాది నాచేత చేయించే పనేమిటి, ఎవరి కింద?

విద్యార్థులకు ఇంజినీరింగ్‌కే రమ్మని చెప్పే నైతిక హక్కు కోర్ పరిశ్రమలకు మాత్రం ఇంకా లేదు. ఇస్రో బృందం క్యాంపస్‌కు వెళ్లి జీతాల వివరం చూపించగానే చాలామంది లేచి వెళ్లిపోయారని 2023లో అప్పటి ఛైర్మన్ సోమనాథ్ బహిరంగంగానే వాపోయారు. రాకెట్లు పంపే సంస్థకే ఆ గతి పడితే, ఊరి చివర సైటులో పన్నెండు గంటలు నిలబెట్టి అరకొర జీతమిచ్చే నిర్మాణ కంపెనీ గురించి చెప్పేదేముంది? పిల్లలకు దేశసేవ పాఠాలు చెప్పేముందు ఆ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు కొత్త ఇంజినీరు జీతాన్ని పెంచాలి, వాడికి నేర్పే సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టాలి.