నాకు నచ్చిన పాట, మనం వినే పాట

మార్చి 8 సభకు ముందు మైకులో వినిపించే పాటలు కూర్చే పని గుడిబండలో నామీద పడింది. ఉద్యమ గీతాలతో పాటు నాకిష్టమైన ర్యాప్ పాటలు కొన్ని తీసుకుని, ఒకదాని దరువు తగ్గుతుండగా మరొకటి అందుకునేలా అరగంట మిక్స్ తయారుచేశాను. ముందురోజు నలుగురికి వినిపిస్తే, వేరుశనగ చేలల్లో కూలికి పోయే ఒకామె ఒక తెలుగు ర్యాప్ దగ్గర ఆపమంది. "ఈయప్ప తిడతాండేది మనల్నే కదక్కా?"

నిజమే. ప్రేమను కాదన్న అమ్మాయిని మోసగత్తెగా నిందించే పాట అది. ఆ సంగతి నాకు తెలియక కాదు. దరువు నచ్చి మాటల్ని దాటేశాను. స్త్రీవాదినని చెప్పుకునే నాకు ఆ ప్రశ్న గట్టిగానే తగిలింది.

అందుకని ర్యాప్ అంతా మగవాళ్ల బూతేనని తోసిపుచ్చే మిత్రులతో మాత్రం ఏకీభవించలేను. ఈ సంగీతం పుట్టిన రోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఆ పార్టీని ఏర్పాటు చేసింది సిండీ క్యాంప్‌బెల్ అనే నల్లజాతి అమ్మాయి. బడికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి ఆమెకు డబ్బు కావాలి. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు. రికార్డులు తిప్పిన అన్న కూల్ హెర్క్ పేరు చరిత్రకెక్కింది, చెల్లెలి పేరు వెనకబడింది. 1993లో క్వీన్ లతీఫా 'యూనిటీ' పాటలో వీధి వేధింపుల్నీ, ఇంట్లో దెబ్బల్నీ, ఆడవాళ్ల మీద వాడే తిట్లనూ నిలదీసింది. 2015లో చెన్నైకి చెందిన సోఫియా అష్రఫ్, కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ మిగిల్చిన పాదరసం గురించి ర్యాప్ పాడింది. నికీ మినాజ్ పాట దరువునే తీసుకుని, దానిమీద కార్మికుల గోడు పెట్టింది. 2001లో ఫ్యాక్టరీ మూతపడ్డ నాటి నుంచీ సాగిన పోరాటం దేశమంతా వినిపించింది. 2016లో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందానికి వచ్చింది. అది పాట ఒక్కదాని విజయం కాదు, కానీ పాట కూడా అందులో ఉంది.

కాబట్టి దరువు ఎవరి సొత్తూ కాదు. ఒక దరువు నచ్చడం నేరమూ కాదు. అయితే నా గదిలో వినడం వేరు, నలుగురు ఆడవాళ్ల ముందు మైకులో పెట్టడం వేరు. సభలో పెట్టే పాటకు మనం బాధ్యులం. ఆ పాట తీసేశాను.

ఆ చోట ఏం పెడదామని ఆమెనే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో ఫోను కొడుకు చేతిలో ఉంటుంది, వాడు పెట్టిందే తను వింటుంది. నీకే పాట ఇష్టమని ఇంతవరకు ఎవరూ అడగలేదట. చివరికి ఒక కన్నడ పాట చెప్పింది. సరిహద్దు ఊళ్లో అది సహజమే, అయినా నా జాబితాలో ఒక్క కన్నడ పాటా లేదు!

కూలి గురించి, భూమి గురించి, హింస గురించి అడుగుతాం. తీరిక గురించి, ఇష్టం గురించి అడగం. పాటలు మనమే ఎంచి వాళ్లకు వినిపిస్తే, ఆ కొడుక్కీ మనకూ తేడా ఏముంది? వచ్చే సభకు ముందుగా అడుగుదాం.