లారీ చక్రమున గాలి దిగినప్పుడు

సార్వా ధాన్యము కళ్లము విడిచి మిల్లునకు చేరవలసిన దినములలో లారీ చక్రమున గాలి దిగినచో, మన మెల్లరము అను మాట ఒక్కటే: "త్వరగా కానిమ్ము." మబ్బు పట్టియుండును, బస్తాలు లారీపై నుండును, కూలీలు పని లేక కూర్చుండియుందురు. ఆ తొందర న్యాయమైనదే. కాని ఆ తొందరకు వెల చెల్లించువాడు రైతును కాడు, లారీ యజమానియు కాడు. బాటప్రక్కను సమ్మెట పట్టి చక్రముపై వంగియుండు పంక్చరు పనివాడు. ఈ విషయమై మన సంఘములు ఒక నిశ్చయమునకు రావలెనని మా యభిప్రాయము.

ట్యూబు వేయు 20 అంగుళముల లారీ చక్రములకు రిమ్ము సాధారణముగా ఒకే ముక్క కాదు. టైరు అంచు మిక్కిలి బిరుసుగా నుండుటచే, రిమ్ము ఒక ప్రక్క అంచును విడిగా చేయుదురు. టైరు నెక్కించిన పిమ్మట ప్రక్క రింగును పెట్టి, అది జారకుండ లాకు రింగును రిమ్ము గాడిలో కూర్చుండబెట్టుదురు. ఈ రింగులను పట్టియుంచుటకు బోల్టులు లేవు. లోపలి గాలి ఒత్తిడియే వానిని ఒకదానిపై నొకటి బిగించును. రింగు గాడిలో సరిగా నున్నంతవరకు ఆ గాలియే రక్ష. లేనినాడు ఆ గాలియే గండము. చదరపు అంగుళమునకు 100 పౌనుల గాలి కొట్టినప్పుడు, టైరు ప్రక్కగోడ వైశాల్యము వందలకొలది చదరపు అంగుళములు గావున, రింగును వెలుపలికి త్రోయు బలము టన్నులలో లెక్కింపవలసియుండును. అట్టి రింగు ఎగిరినచో మనుష్యుని తల నిలువదు.

గాలి బుసబుసమని రింగుల సందునుండి వచ్చుట విని, రింగు బిగియలేదని తలచి సుత్తితో కొట్టువారు కలరు. ఇది పెద్ద పొరపాటు. ట్యూబు చక్రములో గాలి నాపునది ట్యూబే కాని రింగు కాదు. కావున మొదట వాల్వు నోట సబ్బునీరు పోసి చూడవలెను. బుడగ అచ్చట లేచినచో వాల్వు పిన్ను మార్చిన చాలును, ఖర్చు స్వల్పము. రింగుల సందునను, వాల్వు కంతయొద్దను గాలి వచ్చుచున్నచో లోపల ట్యూబు చిల్లుపడినదని గ్రహించి చక్రము విప్పవలసినదే. విప్పిన తరువాత చిల్లు పూడ్చుటతో పని తీరదు. ఇల్లలకగానే పండుగ కాదు. ఆ చిల్లు ఎందులకు పడినదో వెదకవలెను. ఫ్లాపు మడత పడెనా, దాని కొలత తప్పెనా, రిమ్ము తుప్పు పెచ్చులు గీచెనా, గాలి తక్కువగా నడిపినందున టైరు రిమ్ముపై జరిగి వాల్వు మొదలు చినిగెనా అని చూడవలెను. భూమి త్రవ్వు పెద్ద యంత్రములలో ట్యూబు లేని బహుఖండ చక్రములు కొన్ని కలవు. వానిలో ముక్కల నడుమ రబ్బరు వలయము గాలి నాపును. అచ్చట గాలి కారినచో గాడిని శుభ్రపరచి క్రొత్త వలయము వేయవలెను.

జంట చక్రములను విప్పునపుడు, నట్లు వదులు చేయకమునుపే రెండింటి వాల్వు పిన్నులను తీసి గాలి పూర్తిగా పోనీయవలెను. వాల్వు మూసికొనిపోయినదేమో తీగ గ్రుచ్చి చూచుట మేలు. రిమ్మును తీగబ్రష్షుతో తోమి, బీటవారిన, వంగిన, గాడి అరిగిన భాగమును పారవేయవలెను. ఒక రకపు రిమ్మునకు వేరొక రకపు రింగు తొడుగరాదు. చూపునకు సరిపోయినట్లే యుండి బరువు పడగానే ఎగురును. బీటకు వెల్డింగు చేయించుట కొండనాలుకకు మందువేసిన ఉన్ననాలుక ఊడినట్లగును. ఆ వేడిమికి లోహపు సత్తువ చెడును. తిరిగి గాలి కొట్టునపుడు చక్రమును ఇనుప పంజరములో నుంచి, పొడవైన గొట్టమును వాల్వునకు తగిలించి, మనిషి ప్రక్కకు తొలగి నిలువవలెను. రింగు సరిగా కూర్చుండనిచో గాలి యంతయు తీసి మరల అమర్చవలెనే గాని, గాలి యుండగా సుత్తి తాకింపరాదు.

ఇవి మేము కల్పించిన చాదస్తములు కావు. అమెరికా ప్రభుత్వము 1980లో బహుఖండ చక్రముల పనికి పంజరమును, పనివానికి శిక్షణమును విధిగా నిర్ణయించెను. 1984లో ఆ నియమములను ఒకే ముక్క చక్రములకును వర్తింపజేసెను.

పంజరమునకు ధనమెక్కడిదని కొంద రడుగవచ్చును. బాటప్రక్క కొట్టువాని నడిగిన ఆ ప్రశ్న సబబే. నాటి కూలితో నాటి పొట్ట పోసికొనువాడు దానిని కొనజాలడు. కాని ఒక్కడు మోయలేని బరువును పదుగురు మోయుటకే గదా సంఘములు పుట్టినవి. ధాన్యము తోలించు ప్రతి సంఘమును గోదాము నొద్ద ఒక గట్టి పంజరమును, నమ్మదగిన గాలి కొలత గడియారమును, బిగించు గొట్టమును ఉంచి, చుట్టుప్రక్కల పనివారికి ఉచితముగా వాడుకొననిచ్చుట మంచిది. ట్రాక్టరు ట్రక్కులకు పాత లారీ చక్రములు తొడిగిన సభ్యులును అచ్చటికే తీసికొనిరావలెను. క్రొత్త లారీ కొనునపుడు ట్యూబు లేని, ఒకే ముక్క రిమ్ముగల చక్రములను ఎంచుకొన్నచో లాకు రింగు భయమే తొలగును. టైరు పగులు భయము మాత్రము ఉండనే యుండును గాన పంజరము అప్పుడును కావలెను.

బస్తాలు ఒక గంట ఆలస్యముగా చేరిన మిల్లు పారిపోదు. తడిసిన ధాన్యము నారబోసికొనవచ్చును. పోయిన పనివానిని వాని యింటికి మన మెవ్వరమును తెచ్చి యియ్యజాలము. కావున సభ్యులు ఇకమీదట చక్రము చెంత నిలిచి "త్వరగా" అనుటకు మారుగా "గాలి యంతయు తీసితివా, అబ్బాయీ?" అని యడుగుట అలవరచుకొందురుగాక.