ఆ అర్జీపై నేనేల సంతకము చేయలేదు?

గత ఆదివారము మన సంఘ సభలో కోడియక్కరై అడవి గుర్రములను గూర్చిన అర్జీ యొకటి చదువబడినది. ఆ గుర్రములను ఎవరును ముట్టరాదు, పట్టరాదు, వాని స్వేచ్ఛకు భంగము కలిగింపరాదు అని దాని సారాంశము. సభలో అందరును చేతులెత్తిరి. ఎత్తనివాడను నేనొకడనే. "వర్తకునకు జాలి యెక్కడిది?" అని మిత్రుడొకడు నవ్వుచు ననెను. ఆ మాటకు సమాధానము సభలో చెప్పుటకు వ్యవధి లేకపోయినది గనుక ఇచ్చట వ్రాయుచున్నాను.

నాగపట్టణము జిల్లాలో, వేదారణ్యమునకు దక్షిణమున, సముద్రతీరమున కోడియక్కరై అభయారణ్యము కలదు. కృష్ణజింకల రక్షణకై 1967లో ఏర్పడినది. పూర్వము మనుష్యుల యొద్ద పెరిగి, విడువబడి, తరతరములుగా అడవిపాలైన గుర్రములు అందు మందలుగా తిరుగుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి పట్టికలో కృష్ణజింక యున్నది, కచ్ఛి దేశపు అడవిగాడిద యున్నది. గుర్రము మాత్రము లేదు. అట్లని దానిని తనదని చెప్పుకొను యజమానియు లేడు. మా అంగడి భాషలో చెప్పవలెనన్న, ఏ చిట్టాలోను ఎక్కని సరుకు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చెనని పెద్దలన్నది ఇట్టి దానిని గూర్చియే. 2018 నవంబరులో గజ తుపాను ఆ తీరమును తాకినపుడు జింకలతో పాటు గుర్రములును చచ్చినవి. జింక చావునకు లెక్క చెప్పవలసినవాడు చట్టప్రకారము ఒకడుండెను. గుర్రము చావునకు?

"ముట్టరాదు" అనుట జాలి వలె వినబడును. కాని అది చేతులు కడుగుకొనుట. మేతయు నీరును దొరకిన చోట గుర్రపు మంద యేటికి నూటికి పదునైదు మొదలు ఇరువది వరకు పెరుగునని అమెరికా వారి అనుభవము. అనగా నాలుగైదేండ్లలో రెండింతలు. కోడియక్కరై పచ్చిక పెరుగుట లేదు సరికదా, సర్కారు తుమ్మ క్రమ్ముకొని తరుగుచున్నది. ఆవునకు పైవరుస ముందు పండ్లు లేవు. గుర్రమునకు రెండు వరుసలు నున్నవి గనుక గడ్డిని మొదలంట కొరుకును. బయలు గడ్డినేలను విడిచి కృష్ణజింక బ్రతుకలేదు. మాయవరము ఏ.వి.సి. కళాశాల పరిశోధకులు ఆ యడవిలో తిరిగి లెక్కలు కట్టి, గుర్రమును అచ్చటికి చొరబడిన జంతువుగానే పేర్కొనిరి. మనము ముట్టకున్నను, ఎండకాలమున గడ్డియు మంచినీరును తరిగినపుడు ఆకలి ముట్టక మానదు. మొదట పడిపోవునవి పిల్లలు.

అమెరికాలో 1971లో వెల్మా జాన్‌స్టన్ అను నామె ఉద్యమము ఫలించి, బడిపిల్లలు వేలకొలది జాబులు వ్రాయగా, ప్రభుత్వ భూములలోని గుర్రములను రక్షించు శాసనము పుట్టినది. మంచి శాసనమే. కాని అచ్చటి అధికారులు ఆ భూములు భరింపగలవని నిర్ణయించిన సంఖ్య సుమారు 26 వేలు. నేడు తిరుగుచున్నవి అందుకు రెండింతలకు మించియున్నవి. పట్టి దొడ్లలో మేపుచున్నవి మరి వేలకొలది. పెంచుకొనువారికి 1000 డాలర్ల చొప్పున 2019 మొదలు ఇచ్చి చూచిరి. వానిలో కొన్ని కబేళా వర్తకుల పాలైనవని 2021లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టినది. కనుక "అన్నింటిని పట్టి వేలము వేయుడు" అనువారితోను నేను ఏకీభవింపను. అంతియూరు సంతకు పోయినవారెవరైనను ఎరుగుదురు: పుట్టువు తెలియని, లొంగని గుర్రమునకు మంచి యజమాని దొరకడు.

ఇక సభలో చప్పట్లు కొట్టించిన వాదము. "మనమును నాయకరాజుల కాలమున ఉత్తరము నుండి వచ్చినవారమే, గుర్రమును పరాయిదని తరిమినచో రేపు మనలను తరుముదురు" అని యొక పెద్దలు సెలవిచ్చిరి. వారియందు నాకు గౌరవము కలదు. కాని ఈ పోలికకు నేను తల వంచుకొంటిని. ఈ నేలను దున్ని, చెరువులు త్రవ్వి, పన్ను కట్టి, వోటు వేయుచున్నవారము మనము. రాజ్యాంగపు 29, 30 అధికరణములును, మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చిన 350-ఏ అధికరణమును మన కొరకున్నవి. తెలుగు బడి కొరకు అడుగవలసిన మాట గుర్రపు వీపున ఎక్కించి పంపనేల? మన హక్కు పలుచనగును, గుర్రమునకు ఒక గడ్డిపోచయు దక్కదు.

పోలిక కావలసినచో దూరము పోనక్కరలేదు. 2022 మార్చిలో మదరాసు ఉన్నత న్యాయస్థానము అడవులలో పశువుల మేపును నిషేధించి, పిమ్మట ఆ నిషేధమును అభయారణ్యములకును, జాతీయ వనములకును, పులుల రక్షితారణ్యములకును పరిమితము చేసినది. ఆ యేడే మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో 686 చదరపు కిలోమీటర్ల మేర కావేరి దక్షిణ అభయారణ్యము ప్రకటింపబడినది. పెన్నాగరము వైపు ఆలంబాడి పశువులను అడవిలో పట్టి వేసి పెంచుకొను పేదల మందలను తలకొక్కటిగా లెక్కింపగల ప్రభుత్వము, కోడియక్కరైలో గుర్రములను మాత్రము చూచి చూడనట్లుండుట యేమి న్యాయము? నాడు ఆ పశువుల కాపరుల కొరకు మన సంఘము ఒక్క అర్జీయైనను వ్రాసినదా? ఇది నాకును తగులు మాటయే, నేనును వ్రాయలేదు.

చేయదగిన పని యున్నది. అమెరికా తూర్పుతీరమున అస్సటీగ్ అను దీవిలో, కోడియక్కరై వలెనే ఉప్పునీటి బురదనేలల నడుమ గుర్రములున్నవి. 1994 మొదలు అచ్చట ఆడుగుర్రములకు గర్భము నిలువకుండ టీకామందును దూరము నుండియే బాణము వలె వేయుచు వచ్చిరి. పట్టుట లేదు, చంపుట లేదు. నూట డెబ్బదికి పైబడిన మంద క్రమముగా నూరు లోపునకు దిగినది. పని నిదానము, ఏటేటను సాగవలెను, ప్రతి గుర్రమును గుర్తించి పుస్తకమున వ్రాయవలెను. పుస్తకమున వ్రాయుటయే నాకు నచ్చిన భాగము.

కనుక అర్జీని నేను మార్చి వ్రాసితిని. ఏటేట ఒకే ఋతువున గుర్రములను, జింకలను లెక్కించి ప్రకటింపవలెనని. గడ్డిని, నీటిని చూచి మందకు హద్దు సంఖ్యను అటవీ శాఖయు పశువైద్యులును కలిసి నిర్ణయింపవలెనని. టీకా పద్ధతిని పరీక్షింపవలెనని. విధిలేక పట్టినవానిని వేలము వేయక, పూచీకత్తుతో అప్పగించి, పిమ్మటను పోయి చూచుచుండవలెనని. ఆ ఖర్చునకు పద్దు ఏర్పరుపవలెనని అందున్నది. సర్కారు తుమ్మను పెరికించుటయు చేర్చితిని. తెలుగున ఒక ప్రతి, అరవమున ఒక ప్రతి తొప్పూరులో నా అంగడియందు కాటా ప్రక్క బల్లపై నున్నవి. పాత అర్జీపై సంతకము చేసినవారును వచ్చి చదువవచ్చును. తప్పున్న చోట కొట్టివేయుటకు కలము కూడ అచ్చటనే పెట్టితిని.