బాల్కనీలో నా రెండడుగులు

ఫ్లాట్లో బాల్కనీ ఎవరిదో మీకు తెలుసుగా? వాషింగ్ మెషీన్‌ది, బట్టల స్టాండ్‌ది, పిల్లల సైకిల్‌ది, ఓ మూల తులసమ్మది. మిగిలిన రెండడుగుల గోడ మాత్రం నాదని మా ఇంట్లో గట్టిగానే చెప్పేశాను. అక్కడ ఆర్కిడ్లే ఉండాలి. "తోటకూర వేసుకోవచ్చుగా" అంటారు మా అత్తగారు. తోటకూరకి మట్టి కావాలి అత్తయ్యా, ఇవి అడవిలో చెట్ల కొమ్మలు పట్టుకుని బతికే రకాలు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

నర్సరీలో అందరం పువ్వు చూసి కొనేస్తాం. నన్నడిగితే మొక్క పెరిగాక ఎంతవుతుందో ముందు అడగాలి. వాండా వేళ్లు మూరలకొద్దీ కిందికి వేలాడతాయి, బట్టల తీగ పక్కన కుదరదు. సింబీడియం పూయాలంటే చల్లటి రాత్రులు కావాలి, హైదరాబాదులో ఎక్కణ్ణుంచి తెస్తాం? అదే చిన్న రకం ఫెలనాప్సిస్ అయితే జానెడు ఎత్తులోనే పూస్తుంది. నేరుగా ఎండ పడని వెలుతురు కిటికీ చాలు, పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. ఇంత పూతకి ఆ ధర ఎక్కువేం కాదు, వారం తిరక్కుండా వాడిపోయే బొకేలకి పెట్టడంలేదూ! పొద్దుటెండ తగిలే బాల్కనీకి పొట్టి డెండ్రోబియం మేలు. ట్వింకిల్ అనే ఆన్సీడియం చిన్న కుండీలో ఒదిగిపోతుంది, పైగా కమ్మటి వాసన.

కుండీలో మట్టి వద్దు. బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు వేయండి. ఎండాకాలం గాలిలో తేమ కోసం కింద గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోయండి, వేళ్లకు మాత్రం తగలనివ్వద్దు. ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలు.