విపత్తుల వేళ సర్కారుతో కలిసి పనిచేయడంపై సికింద్రాబాద్ వర్తకులు, కాలనీవాసుల ఉమ్మడి తీర్మానం

సికింద్రాబాద్‌లోని వాణిజ్య భవనాల యజమానులు, కిరాయిదారులు, వర్తక సంఘాల ప్రతినిధులు, కాలనీ సంక్షేమ సంఘాల సభ్యులు కలిసి జరుపుకున్న ఈ ఉమ్మడి సర్వసభ్య సమావేశం కింది విషయాలను చర్చించింది.

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలోని తుక్కు గోదాంలో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి, పాస్‌పోర్ట్ కార్యాలయం దగ్గర కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2023 జనవరి 19న మినిస్టర్స్ రోడ్డులో బట్టల సరుకు నిండిన భవనం తగలబడింది. లోపలికి వెళ్లిన ముగ్గురు కార్మికులు తిరిగి రాలేదు. అదే ఏడాది మార్చి 16 సాయంత్రం ఎస్‌డీ రోడ్డులోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అంటే ఏడాది నిండకముందే, నాలుగు అగ్నిప్రమాదాల్లో, మన ఊళ్లో 28 మందిని పోగొట్టుకున్నాం. వారందరికీ ఈ సమావేశం నివాళులు అర్పించింది.

స్వప్నలోక్‌లో చనిపోయినవాళ్లు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు. ఆ సాయంత్రం కింద రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు పైఅంతస్తుల కిటికీల్లో సెల్‌ఫోన్ లైట్లు ఊగుతూ కనిపించాయి. వాళ్ల ప్రాణం తీసింది మంట కాదు, పొగ. లాడ్జిలోనూ చాలావరకు అంతే. కింద బ్యాటరీల దగ్గర పుట్టిన పొగ, ఉన్న ఒక్క మెట్లదారి గుండా పైకి ఎగబాకింది. గదుల్లోవాళ్లు తలుపు తీసేసరికి దారి మూసుకుపోయింది. వేడి పొగ ఎప్పుడూ పైకే పోతుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో స్పృహ తప్పిస్తుంది. మనుషులు దిగాల్సిన మెట్లే పొగ ఎక్కే గొట్టంగా మారతాయి. ఫైరింజన్ ఎంత తొందరగా వచ్చినా ఆ మొదటి పది నిమిషాలు లోపలున్నవాళ్ల చేతుల్లోనూ, ఇరుగుపొరుగు చేతుల్లోనూ ఉంటాయి. 1995లో జపాన్‌లోని కోబే భూకంపంలో శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డవారిలో ఎక్కువమందిని లాగింది పక్కింటివాళ్లే. లాడ్జి తగలబడిన రాత్రి ఇక్కడా చుట్టుపక్కలవాళ్లే ముందు ఉరికారు.

చట్టం సంగతికొస్తే, మన రాష్ట్రంలో 15 మీటర్ల ఎత్తు దాటిన వాణిజ్య భవనాలకే సాధారణంగా ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. సికింద్రాబాద్ పాత బజార్లలో చాలా భవనాలు ఆ ఎత్తుకు లోపే ఆగిపోతాయి. ఎన్‌ఓసీ అడగలేదు కాబట్టి ప్రమాదం లేదని మనమే అనుకుంటూ వచ్చాం.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా రాసుకోవాలని సభ్యులు పట్టుబట్టారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ తనిఖీలు, నోటీసులు, అధికారుల మీద తిట్లు. కానీ జనరల్ బజార్‌లోనో రాష్ట్రపతి రోడ్డులోనో ఏ పాత కాంప్లెక్స్ మెట్లు ఎక్కినా కనిపించేది ఒకటే: మొదటి మలుపులో అట్టపెట్టెలు, రెండో మలుపులో విరిగిన కుర్చీలు, గోడకు కరెంటు మీటర్లు, వాటి కింద ప్యాకింగ్ థర్మోకోల్, చివర టెర్రస్ తలుపుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ చాయ్‌కి పోయి ఉంటాడు. పార్కింగ్‌కని అనుమతి తెచ్చుకున్న సెల్లార్ గోదాం అయిపోయి ఏళ్లు దాటింది. ఈ పెట్టెలు పెట్టింది అధికారులు కాదు. మెట్లు అందరివీ కాబట్టి ఎవరివీ కాకుండా పోయాయి.

విపత్తు వేళ కలిసి పనిచేయడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. 1813లో జంట నగరాల్లో కలరా చెలరేగినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనిక పటాలంలోని డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకుని, 1815లో వచ్చి ఇక్కడ ప్రతిష్ఠించారని మహంకాళి గుడి చరిత్ర చెబుతుంది. ఆ గుడి దగ్గర నేటికీ ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాల రోజుల్లో పోలీసులు, జలమండలి, విద్యుత్ సిబ్బంది, వలంటీర్లు, దుకాణదారులు ఒకరి పని ఒకరికి తెలిసినట్టు నడుచుకుంటారు. ఏటా రెండు రోజులు చేతనైన పని మిగతా రోజుల్లో ఎందుకు చేతకాదన్న ప్రశ్నకు సమావేశంలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

అందువల్ల ఈ సమావేశం తీర్మానించినది ఏమంటే:

సభ్యుల భవనాలన్నింటిలో మెట్లు, మలుపులు, టెర్రస్ దారి పూర్తిగా ఖాళీ చేయాలి. టెర్రస్ తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియతో ఉండాలి. సెల్లార్లలోని సరుకు తీసేయడానికి ముసాయిదాలో 30 రోజుల గడువు పెట్టగా, పండగ సరుకు దిగుతున్నదని కొందరు 90 రోజులు కోరారు. చర్చ కొంత వేడిగానే సాగి 60 రోజులకు కుదిరింది. బ్యాటరీలు, రసాయనాలు, ఫోం, గ్యాస్ సిలిండర్లకు మాత్రం ఈ గడువు వర్తించదు, వెంటనే తీయాలి. లాడ్జి, హాస్టల్, కోచింగ్ సెంటర్ ఉన్న భవనం కింది అంతస్తుల్లో బ్యాటరీ చార్జింగ్ పెట్టకూడదు. ఇకపై రాసుకునే ప్రతి కిరాయి అగ్రిమెంట్‌లో మెట్లమీద సరుకు పెట్టరాదన్న షరతు ఉండాలి. పెట్టిన కిరాయిదారుతో పాటు చూసీచూడనట్టు ఊరుకున్న యజమానీ సంఘానికి జవాబు చెప్పాలి. ఎత్తుతో నిమిత్తం లేకుండా ప్రతి భవనమూ ఏటా బోనాలకు ముందు అగ్నిమాపక శాఖను పిలిచి, ఆఫీసు వేళల్లో, జనం లోపల ఉండగానే ఖాళీ చేయించే కసరత్తు జరపాలి. ఆదివారం నాడు వాచ్‌మన్‌ను ఒక్కడిని దింపి ఫొటో తీసుకుంటే లెక్కలోకి రాదు.

రాణిగంజ్ వర్తకులు ముందుకొచ్చి చేసిన ప్రతిపాదనను సమావేశం హర్షధ్వానాలతో ఆమోదించింది. నీళ్లు తోడే పంపులు, నిచ్చెనలు, తాళ్లు, కట్టర్లు, మాస్కులు, జనరేటర్లు ఈ ఊళ్లో రాణిగంజ్‌లో దొరికినన్ని ఇంకెక్కడా దొరకవు. అర్ధరాత్రి అవసరం పడితే ఏ దుకాణం షట్టర్ ఎవరు తెరుస్తారో పేరు, ఫోను నంబరుతో జాబితా తయారుచేసి సికింద్రాబాద్ అగ్నిమాపక కేంద్రానికి, పోలీస్ స్టేషన్లకు, విపత్తు స్పందన దళానికి ఇవ్వాలి. వాడిన సామాను తిరిగొచ్చే పద్ధతి, పాడైతే ఖరీదు చెల్లించే పద్ధతి ముందే రాతపూర్వకంగా ఖరారు కావాలి. సహాయం చేసిన దుకాణదారు బిల్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పరిస్థితి వస్తే రెండోసారి షట్టర్ తెరుచుకోదు.

వాననీటి విషయంలో కొద్ది మాటలే. 2023 ఏప్రిల్ 29న కళాసిగూడలో పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చిన బాలిక నాలాలో పడి చనిపోయింది. పికెట్ నాలా కంటోన్మెంట్‌లో బయలుదేరి జీహెచ్‌ఎంసీ పరిధిలోకి వస్తుంది, పూడిక మాత్రం సరిహద్దు చూసుకుని ఆగదు. 2025లో విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ సంస్థ హైడ్రా ప్యాట్నీ నాలా మీది ఆక్రమణలు తొలగించింది. సభ్యులెవరైనా నాలా అంచున కట్టుకుని ఉంటే నోటీసు కోసం చూడకుండా తామే ఒప్పుకోవాలి. ఈ వాక్యం మీద ఓటింగ్ జరిగింది, స్వల్ప మెజారిటీతో నెగ్గింది. తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ ఎదురుగా ఉన్న దుకాణం వాళ్లు మూత పడేదాకా అక్కడ బారికేడ్ పెట్టి మనిషిని నిలబెట్టాలి.

ఇక సర్కారును కోరేవి. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో వచ్చిన సవరణ రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పాటుకు వీలు కల్పించింది. హైదరాబాద్‌కు అలాంటి సంస్థ ఏర్పడితే అందులో కంటోన్మెంట్ బోర్డుకు, వర్తకులకు, కాలనీ సంఘాలకు కుర్చీ ఉండాలి, ఆహ్వానితులుగా కాదు, సభ్యులుగా. 15 మీటర్ల లోపు వాణిజ్య భవనాలకు తేలికపాటి భద్రతా ధ్రువీకరణ తేవాలి. దాన్ని మరో వసూళ్ల మార్గం కానివ్వరాదు. కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యత నిధులను విపత్తు నిర్వహణకు వాడుకోవచ్చని 2019లోనే చేర్చారు. మన చిన్న దుకాణాలు ఆ చట్టం కిందికి రావు. కానీ మన వీధుల్లోనే ఉన్న పెద్ద ఆస్పత్రులు, బ్యాంకులు, షోరూంలు ఆ డబ్బుతో ఇరుకు సందుల్లో దూరే చిన్న ఫైర్ వాహనాలు కొనిచ్చి, యువకులకు శిక్షణ ఇప్పించాలని ఈ సమావేశం కోరుతోంది.

అమలు చూడటానికి యజమానులు ముగ్గురు, కిరాయిదారులు ముగ్గురు, కాలనీలవాళ్లు ముగ్గురితో తొమ్మిది మంది కమిటీ వేయడమైంది. ముందుగా కమిటీ సభ్యుల సొంత భవనాలనే తనిఖీ చేయాలన్న సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. 60 రోజుల గడువు తర్వాత మెట్లు, సెల్లార్లు ఖాళీ చేయని భవనాల పేర్లు సంఘం నోటీసు బోర్డులో పెట్టాలి. ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టర్, జీహెచ్‌ఎంసీ, కంటోన్మెంట్ బోర్డు, అగ్నిమాపక శాఖ, హైడ్రా కార్యాలయాలకు పంపి, ఒక ప్రతిని ప్రతి భవనం మెట్ల దగ్గర మొదటి మలుపులో అతికించాలి.