మొదటి జీతం రాకముందే బట్టల అప్పా?

కొద్ది రోజుల క్రితం మా వద్ద చదువుకున్న ఒక యువకుడు సలాము చెప్పి పోదామని వచ్చాడు. బి.కాం. పూర్తి చేసి, హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ముబారక్ చెప్పాము. కాని అతని ముఖంలో సంతోషం కనిపించలేదు. అడగగా అడగగా విషయం బయటపడింది.

"ఉస్తాద్, నలుగురిలో నేను తక్కువ కాకూడదని అబ్బా 20 వేలు అప్పు తెచ్చి బట్టలు కొన్నారు. నూటికి 3 రూపాయల వడ్డీ. ఆ సూటు ఒక్కరోజు వేసుకున్నాను. మా ఆఫీసులో ఎవరూ కోటు తొడగరు. నెలకు 600 వడ్డీకే పోతోంది, అసలు అలాగే ఉంది."

ఆ తండ్రిని మేము నిందించము. కొడుకు గౌరవమే ఆయన కోరుకున్నాడు. కాని వడ్డీ హరాం అని తెలిసిన ఇంట్లోకి వడ్డీ బట్టల మూట వెంట వచ్చింది. నేడు అది క్రెడిట్ కార్డు వాయిదాల రూపంలో కూడా వస్తోంది. ఇందులో మా తప్పు కూడా ఉంది. ఏ బట్ట పాక్, ఏది నాపాక్ అని ఏళ్ల తరబడి పాఠం చెప్పాము. ఉద్యోగానికి వెళ్లే కుర్రాడు ఏమి కొనాలి, ఎంత కొనాలి అనేది ఒక్కనాడూ చెప్పలేదు.

కొందరు మంచి బట్టలంటేనే దునియాదారీ అనుకుంటారు. అది సరికాదు. మంచి దుస్తులు, మంచి చెప్పులు ఇష్టపడటం గర్వమవుతుందా అని అడిగిన సహచరునికి దైవప్రవక్త (స) కాదనే చెప్పారు. అల్లాహ్ అందాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చులకనగా చూడటమే గర్వమనీ వివరించారు. అల్ ఆరాఫ్ సూరాలోని 31వ ఆయతు నమాజు వేళ చక్కగా అలంకరించుకోమని చెబుతూనే దుబారాను వారించింది. శుభ్రత తప్పనిసరి, చక్కదనం మంచిది, దుబారా నిషిద్ధం. ఆఫీసు దుస్తులకూ ఈ కొలతే చాలు.

మన పెద్దల పద్ధతి ఒకటి గుర్తు చేసుకుందాము. నిజాం కాలంలో హైదరాబాదు ఉద్యోగి షేర్వానీతో కచ్చేరీకి వెళ్లేవాడు, దానితోనే మసీదుకూ, బంధువుల ఇంటికీ వెళ్లేవాడు. ఇప్పుడు అందరూ షేర్వానీ తొడగాలని మేము అనడం లేదు. ఆఫీసుకూ, సజ్దాకూ, చుట్టాల ఇంటికీ మూడింటికీ పనికివచ్చే బట్టే కొనాలన్నది అందులోని తెలివి.

ముందుగా, చేరకముందే అన్నీ కొనవద్దు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన రెండు జతలతో మొదటి వారం గడిపి, అక్కడి సీనియర్లు ఏమి తొడుగుతున్నారో చూడండి. ఆ తరువాత మూడు ప్యాంట్లు, ఐదు చొక్కాలు చాలు. ప్యాంట్లు నలుపు, ముదురు నీలం, బూడిద రంగుల్లో, చొక్కాలు తెలుపు, లేత నీలం, సన్నని చారల్లో ఉంటే ఏ చొక్కా అయినా ఏ ప్యాంటుకైనా కుదురుతుంది. అంటే 15 జతలు. మెరిసే బట్ట, పెద్ద పెద్ద పూల అచ్చులు పెళ్లికి ఉంచండి. పట్టు మగవారికి ఎలాగూ నిషిద్ధమే.

మన ఎండలకు నూలు హాయి. కాని త్వరగా నలుగుతుంది. నూలు, పాలియెస్టర్ కలిసిన బట్ట త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ నిలుస్తుంది. రెండు రకాలూ ఉంచుకోండి. హైదరాబాదు పత్తర్‌గట్టీలోనో, విజయవాడ వస్త్రలతలోనో బట్ట తీసి కుట్టించుకునేవారు 58 అంగుళాల పన్నాలో చొక్కాకు 1.60 మీటర్లు, ప్యాంటుకు 1.20 మీటర్లు అడగండి. లావు, పొడుగు ఉన్నవారికి కొంత ఎక్కువ పడుతుంది. నూలు బట్టను కుట్టించే ముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. లేకుంటే తొలి ఉతుకుకే కురచ అవుతుంది. నడుము దగ్గర లోపల కొంత బట్ట వదలమని దర్జీకి చెప్పండి. పెళ్లయ్యాక ఆ బట్టే అక్కరకు వస్తుంది.

దర్జీ దుకాణంలో ప్యాంటు తొడిగి అద్దం ముందు నిలబడితే సరిపోదు. ఒకసారి రుకూలోకి వంగి, సజ్దా చేసి చూడండి. నడుము కిందికి జారిన ప్యాంటు, పొట్టి చొక్కా ఉంటే వెనుక సఫ్‌లోని వారి ముందు సతర్ బయటపడుతుంది. ఇది మేము ప్రతి జుమాలో చూస్తున్నదే. చొక్కా వెనుక భాగం పొడుగ్గా, ప్యాంటు తొడల వద్ద కాస్త వదులుగా, అంచు చీలమండ దాటకుండా కుట్టించండి.

బూట్లు నల్లవి, లేసులు లేనివైతే వుజూ వేళ సులువు. బెల్టు అదే రంగు. రెండో జీతానికో మూడో జీతానికో ఇంకొక జత కొని రోజు మార్చి రోజు తొడిగితే చెమట ఆరి రెండూ ఎక్కువ కాలం మన్నుతాయి. నూలు మేజోళ్లు ఐదు జతలు ఉంచుకోండి. తడి కాళ్లకు వేసుకున్న మేజోళ్ల వాసన పక్కవారిని బాధిస్తుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో అత్తరు కూడా ఒక్క చుక్కే. బూట్ల విషయంలో డాక్టర్ జాకిర్ హుసేన్ గారి ముచ్చట ఒకటి చెప్పుకుంటారు. ఎంత చెప్పినా విద్యార్థులు వినకపోయేసరికి, జామియాలో ఆయనే పాలిష్ డబ్బా పట్టుకుని కూర్చున్నారట. హైదరాబాదులో పుట్టిన ఆయన 1967లో రాష్ట్రపతి అయ్యారు.

ఇక ఉతకడం, ఇస్త్రీ. ఇవి అమ్మ పనో, అక్క పనో కావు. దైవప్రవక్త (స) తన బట్టలు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వారానికి ఒక గంట కేటాయిస్తే ఐదు చొక్కాలు సిద్ధమవుతాయి.

ఆ యువకుడికి మేము ఒక్కటే చెప్పాము. ముందు ఆ అప్పు తీర్చు, బట్టలు తరువాత. వాళ్ల చిన్నాన్నలు, మేనమామ కలిసి కర్జె హసనాగా అసలు సమకూర్చారు. ఇప్పుడతను వడ్డీ లేకుండా నెల నెలా తీరుస్తున్నాడు. ఆ సూటు తమ్ముడి నిఖాకు ఉంచాడు.

బంధువులకు మా విన్నపం. పెళ్లిళ్లలో కవర్లు చదివిస్తాము. మన ఇంటి కుర్రాడు తొలి ఉద్యోగంలో చేరిన రోజు ఒకరు చొక్కా బట్ట, ఒకరు ప్యాంటు బట్ట, ఒకరు కుట్టుకూలి ఇస్తే ఏ తండ్రీ వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడు.